సైకిలు అందినంత దూరంలో ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న మన పెద్దలు ఈ హైదరాబాదు నగరంలో జూన్ మాసపు ఎండలో అద్దె గది కొరకు తిరిగి ఉంటే, ఆ సామెతకు మూడవ పాదం తప్పక చేర్చి ఉండేవారు. ఏటా విద్యా సంవత్సరారంభంలో నల్లగొండ, మహబూబ్‌నగర్, నిజామాబాదు ప్రాంతాల నుండి వచ్చి మన కళాశాలలో చేరే విద్యార్థులు మమ్ము అడిగే మొదటి సందేహం సంధులను గురించి కాదు, సమాసాలను గురించి అంతకంటే కాదు. "సార్, గది ఎక్కడ తీసుకొంటే బాగుంటుంది?" అన్నదే ఆ సందేహం. దీనికి లోకంలో మూడు సమాధానాలు వాడుకలో ఉన్నవి: అద్దె తక్కువైన చోట, బంధువులున్న చోట, మనవాళ్ళు ఉన్న చోట. మేము నాలుగవ సమాధానం ఒకటి చెప్పదలచుకొన్నాము. సైకిలు మీద అరగంటలో కళాశాలకు చేరగలిగిన చోట గది తీసుకొనవలెను. తక్కిన మూడు విషయాలను ఆ తరువాతనే ఆలోచించవలెను.

ఈ మాట వినగానే కొందరు నవ్వుతారని మాకు తెలుసు. ఈనాటి విద్యార్థికి సైకిలు అన్నది ఏడవ తరగతితో తీరిపోయిన ముచ్చట. ఇంటర్మీడియట్ ముగిసిన మరునాడే వాయిదాల మీద మోటారు సైకిలు రావాలి. అది రాకపోతే బస్సు, కాకపోతే మెట్రో రైలు. కాని ఒక్కసారి కాగితం మీద లెక్క వేసి చూడవలసినది. నగరానికి ఒక అంచున, పద్నాలుగు కిలోమీటర్ల దూరాన, నెలకు రెండు వేల రూపాయల అద్దె కలిసివస్తుందని గది తీసుకొన్న విద్యార్థి రెండు బస్సులు మారి కళాశాలకు చేరడానికి గంటంబావు, తిరిగి గది చేరడానికి గంటంబావు పడుతుంది. నెలకు 25 పనిదినాలు అనుకొన్నా 62 గంటలు దాటుతుంది. ఆ రెండు వేలలో ఛార్జీల కింద ఎంతో కొంత పోగా మిగిలినది ఆ 62 గంటలకు అతడు పుచ్చుకొనే కూలి అన్నమాట. గంటకు ముప్పయి రూపాయలైనా గిట్టదు. ఇంత తక్కువ కూలికి ఏ అడ్డా మీది మేస్త్రీ కూడా మనిషిని పిలవడు. మన విద్యార్థి మాత్రం తన చదువు గంటలను ఆ ధరకు అమ్ముకొని, లాభం వచ్చిందని ఇంటికి ఫోను చేస్తాడు.

నగరపు రద్దీలో తొందర లేకుండా తొక్కే మనిషి గంటకు పన్నెండు కిలోమీటర్లు పోగలడు. అరగంటకు ఆరు. కనుక నగర పటం మీద కళాశాల ఉన్న చోట వృత్తలేఖిని ముల్లు గుచ్చి, ఆరు కిలోమీటర్ల వ్యాసార్ధంతో ఒక గుండ్రం గీసుకోవాలి. ఆ గుండ్రం లోపల మాకు అన్నిటికంటే అనుకూలంగా తోచిన భాగం చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ అనే మూడు పేటల నడుమ ఉన్న ముక్కోణం. మూడు పేటల మధ్య ఎటు చూసినా కిలోమీటరు, కిలోమీటరున్నర దూరం. దీనిని మేము ఎన్నుకొనడానికి కారణాలు ఉన్నవి.

మొదటిది నేల. ఈ నగరం రాళ్ళ గుట్టల మీద పుట్టిన ఊరు. బంజారా కొండల వంటి చోట సైకిలు తొక్కువాడు ఉదయం చెమటతో తరగతికి వచ్చి, పాఠం విన్నట్లు కూర్చుని సేద తీరుతాడు. ఈ మూడు పేటలు అట్లా కాదు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 16వ శతాబ్దిలో కట్టిన హుస్సేన్‌సాగర్ గట్టుకు దిగువన, ఆ చెరువు నీరు మూసీకి దిగే దారిలో ఇవి ఉన్నవి. నీటికి ఎక్కుడు గిట్టదు కదా! నీరు ఎన్నుకొన్న దారి సైకిలుకు కూడా పనికివస్తుంది. దోమలగూడ, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట మీదుగా నేల మెల్లగా జారుతూ పోతుంది. ముషీరాబాదు వైపు గాని, విద్యానగర్ దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు గాని పోయినప్పుడు మాత్రం కాళ్ళకు కొంత పని పడుతుంది. ఇరవై ఏళ్ళ వయసుకు ఆ మాత్రం పని అవసరం కూడా.

నేల చేసిన ఈ ఉపకారానికి నీరు తన వాటా అడుగుతుంది. 2000వ సంవత్సరం ఆగస్టు 24న నగరంలో ఒక్క రోజున 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు సాగర్ నాలా పొంగి దిగువ పేటలన్నీ నీట మునిగినవి. 2020 అక్టోబరులో నగరం మళ్ళీ అటువంటి రాత్రిని చూచినది. కాబట్టి అశోక్‌నగర్, దోమలగూడలలో నాలాకు దగ్గరగా సెల్లారు గదిని గాని, వీధి కంటే పల్లంగా ఉన్న గదిని గాని ఎంత చవకగా ఇచ్చినా తీసుకొనరాదు. గది చూడడానికి ఎండలో పోయేవాడు గోడల మీది నీటి చారను చూడాలి. గోడకు క్రొత్తగా, అదీ మోకాలెత్తు వరకే సున్నం వేసి ఉంటే అడగవలసిన ప్రశ్న వేరే లేదు.

రెండవది ఇరుగు పొరుగు. సైకిలు కలవానికి లోకం ఎంత పెద్దదో చెప్పాలంటే ఈ ముక్కోణాన్నే చూపాలి. చిక్కడపల్లిలోనే నగర కేంద్ర గ్రంథాలయం ఉన్నది. ఉద్యోగ పరీక్షలకు చదివే యువకులు ఉదయాన్నే వచ్చి కుర్చీలు ఆక్రమిస్తారు. నాటకం, సంగీతం, పుస్తకావిష్కరణ ఏదో ఒకటి లేని సాయంకాలం త్యాగరాయ గానసభలో అరుదు. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. హిమాయత్‌నగర్‌లో ఉర్దూ హాలు. అక్కడి నుండి పెడలు మీద కాలు వేస్తే బొగ్గులకుంట దగ్గర సారస్వత పరిషత్తు, 1943లో పుట్టినది. ఇంకొంచెం పోతే సుల్తాన్ బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. ఆవల కోఠీలో పాత పుస్తకాలు, ఇంకా ఆవల మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో, ఒకనాడు ఆసఫియా గ్రంథాలయమని పిలువబడిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. తూర్పుగా పోతే 1918లో ఉర్దూ మాధ్యమంగా ప్రారంభమైన ఉస్మానియా. ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన కళాశాల విద్యార్థి ఒకే సాయంకాలం ఉర్దూ హాలులో ముషాయిరా కొంత విని, సారస్వత పరిషత్తులో ఉపన్యాసం చివరి భాగానికి అందుకొని, తొమ్మిదిన్నరకు గదికి చేరగలడు. బస్సు నమ్ముకొన్నవాడు వీటిలో ఒక దానికి ఆలస్యంగా పోయి, రెండవ దాని ప్రసక్తి లేకుండా చివరి బస్సు కొరకు పరుగెత్తుతాడు. మోటారు సైకిలు కలవాడు పోగలడు, నిజమే. అతనికి పెట్రోలు ఎవరు పోయిస్తారన్నది వేరే విషయం.

ఈ పేటలు సైకిలుకు కొత్తవి కావు. పక్కనే అజామాబాదు పారిశ్రామిక వాడ. 1930లో స్థాపితమైన వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీని ఇప్పటికీ జనం వి.ఎస్.టి. అనే అంటారు, ఆ కూడలికి ఆ పేరే నిలిచినది. దిగువ టాంక్‌బండ్ వైపు డి.బి.ఆర్. మిల్లులు ఉండేవి. షిఫ్టు వదలిన వేళ ఈ వీధులలో సైకిళ్ళ వరుసలు సాగేవని పాతకాపులు ఈనాటికీ చెప్పుకొంటారు. కార్మికులు, గుమాస్తాలు, బడి పంతుళ్ళు పని చోటికి సైకిలు దూరంలోనే వాటాలు తీసుకొనేవారు. ఆ కాలపు ఇళ్ళు కూడా అందుకు తగినట్లే కట్టినవి: వీధి తలుపు తీయగానే నడవ, నడవలో గోడకు ఆనించి సైకిలు. గంటకు ఇంత అని అద్దె సైకిళ్ళు ఇచ్చే దుకాణాలు ప్రతి గల్లీ మొగలో ఉండేవి. రాత్రివేళ దీపం లేని సైకిలును పోలీసు ఆపితే జరిమానా కట్టడమో, చేతులు జోడించడమో తప్పేది కాదు. ఇప్పుడు దీపం లేకపోయినా ఎవరూ ఆపరు. సైకిలును ఎవరూ లెక్కలోకి తీసుకొనకపోవడమే దానికి కారణమని మా అనుమానం.

లెక్కలోకి తీసుకొనడం లేదని ఊరికే అనలేదు. 2023 ఆగస్టు 19న ఇందిరా పార్కు నుండి వి.ఎస్.టి. వరకు రెండు కిలోమీటర్లకు పైబడిన ఉక్కు వంతెన ప్రారంభమైనది. అశోక్‌నగర్, ఆర్.టి.సి. చౌరస్తాల రద్దీ తగ్గించడానికి దానిని కట్టినారు. కార్మిక నాయకునిగా జీవితం గడిపిన నాయిని నరసింహారెడ్డి గారి పేరు పెట్టినారు, సముచితమే. కాని ఏ కార్మికులు సైకిళ్ళ మీద వి.ఎస్.టి. గేటుకు చేరేవారో, వారి వాహనానికి ఆ వంతెన మీద ప్రత్యేకమైన దారి మాత్రం గీయలేదు. కార్లు పైన పోగా కింది రోడ్డు మనకు మిగిలినదని సంతోషించాలా? కింది రోడ్డులో స్తంభాలు నిలిచినవి. ఆర్.టి.సి. చౌరస్తా నుండి చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా సుల్తాన్ బజారు వైపు పోయే పెద్ద రోడ్డు నడుమ మెట్రో స్తంభాలు ఎప్పటి నుండో ఉన్నవి. జూబ్లీ బస్ స్టేషన్ నుండి మహాత్మా గాంధీ బస్ స్టేషన్ వరకు ఆ రైలు 2020 ఫిబ్రవరి 7న మొదలైనది. రైలు మంచిదే, మేము కూడా వానాకాలంలో ఎక్కుతాము. అయితే స్తంభానికీ ఆగి ఉన్న ఆటోకూ మధ్య మిగిలిన సందులో బస్సుతో పాటు పోవలసి వచ్చినప్పుడు సైకిలు మీది మనిషికి కలిమా గుర్తుకు వస్తుంది.

నగరంలో సైకిలు దారి అసలు లేదని అనకూడదు. ఉన్నది. 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు వెంట, నానక్‌రామ్‌గూడ, నార్సింగి ప్రాంతాలలో 23 కిలోమీటర్ల దారి ప్రారంభించినారు. పైన సౌర ఫలకాల కప్పు, కింద నున్నటి బాట. చూడముచ్చటగా ఉన్నదని పోయి వచ్చినవారు అంటారు. చిక్కడపల్లి నుండి అక్కడికి చేరడానికి ఇరవై కిలోమీటర్లు. ఆదివారం కారు వెనుక సైకిలు కట్టుకొని పోయి, తొక్కి, మళ్ళీ కారులో పెట్టుకొని రావడానికి అది తగినది. పనికి పోయే సైకిలుకు కప్పు అవసరం లేదు. చిక్కడపల్లి రోడ్డులో ఎడమ అంచున నాలుగు అడుగులు చాలును. ఎవరి ఆరోగ్యం కొరకు బాట వేస్తారో, ఎవరి బ్రతుకు తెరువు కొరకు వేయరో గమనించడం సాంఘిక శాస్త్ర విద్యార్థులకు మంచి అభ్యాసం. 2011 జనాభా లెక్కలలో దేశం మొత్తం మీద నూటికి సుమారు 45 కుటుంబాలకు సైకిలు ఉండగా, స్కూటరో మోటారు సైకిలో ఉన్న కుటుంబాలు 21, కారు ఉన్నవి అయిదింటికి లోపు. రోడ్డు మీది చోటును పంచినవారు ఆ పట్టికను తలక్రిందులుగా పట్టుకొని చదివినట్లున్నది.

ప్రభుత్వం దారి వేసేవరకు గది వెతకడం మానలేము కనుక, ఉన్న దారులను ఎరిగి ఇల్లు చూసుకొనడమే ఉపాయం. పెద్ద రోడ్డు మీద ఇల్లు సైకిలువానికి శత్రువు. గేటు దాటగానే బస్సు ఎదురయ్యే చోట కంటే, రెండు గల్లీలు లోపలికి ఉన్న ఇల్లు మేలు. ఈ ముక్కోణంలో లోపలి దారులు సమృద్ధిగా ఉన్నవి. అశోక్‌నగర్ నుండి దోమలగూడ, గగన్‌మహల్ మీదుగా హిమాయత్‌నగర్‌కు పెద్ద రోడ్డు తగలకుండానే చాలా దూరం పోవచ్చును. చిక్కడపల్లి నుండి బాగ్‌లింగంపల్లి, బర్కత్‌పుర మీదుగా నల్లకుంటకు మరొక దారి. వివేక్‌నగర్ గల్లీలు ఇంకొక చిక్కుముడి. వారం రోజులు తిరిగితే గాని అంతు చిక్కవు, చిక్కిన తరువాత ఎన్నడూ మోసం చేయవు. పెద్ద రోడ్డును ఎన్నిసార్లు దాటవలసి వస్తుందో లెక్కించుకొనవలెను. ఒక్కసారే అయితే ఉత్తమం, రెండైతే మధ్యమం. కుడివైపు మలుపు తిరగవలసిన కూడలి ఉంటే, సైకిలు దిగి నడిపించుకొని దాటడంలో చిన్నతనం ఏమీ లేదు. సినిమా థియేటర్ల ముందు, పెద్ద నటుని చిత్రం విడుదలైన రోజు ఆర్.టి.సి. చౌరస్తాకు సైకిలు గాని, మరొకటి గాని తీసుకొని పోరాదు.

ఇంటి లోపల అడగవలసినది ఒకటే ప్రశ్న: సైకిలు ఎక్కడ పెట్టుకోవాలి? దీనిని అడ్వాన్సు ఇవ్వకముందే అడగాలి. మూడవ అంతస్తు మీది రేకుల గది చవకగా వస్తుంది. కాని రోజుకు రెండుసార్లు పదిహేను కిలోల సైకిలును భుజాన వేసుకొని మెట్లెక్కువాడు నెల తిరగకుండానే దానిని అమ్ముకొంటాడు. గేటు బయట పెట్టుకొమ్మనే యజమాని సైకిలును దొంగకు అప్పగించమంటున్నాడు. మెట్ల కింద చోటు ఇచ్చే యజమాని దొరికితే, నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చినా సర్దుకొనవచ్చును. పంక్చరు దుకాణం ఎంత దూరమో కూడా చూసుకొనవలెను. మోటారు సైకిళ్ళకు గాలి కొట్టే దుకాణాలన్నీ సైకిలు ట్యూబు ముట్టుకొనవు. పాత మిస్త్రీలు ఈ పేటలలో ఇంకా కొందరు మిగిలి ఉండడం మన అదృష్టం.

ఇంతవరకు చెప్పినది నేలకు, నీటికి, రోడ్డుకు సంబంధించినది. వృత్తలేఖినితో గీసిన గుండ్రంలో ఎక్కడ ఇల్లు దొరికితే అక్కడ ఉండవచ్చునన్న నమ్మకంతో చెప్పినది. అయితే ఆ నమ్మకం అందరి విషయంలో ఒకే విధంగా చెల్లదు. మా విషయంలోను చెల్లలేదు. మేము ఈ పేటలలో వాటా కొరకు తిరిగిన రోజులలో ఒక ఇంటి ముందు బోర్డు చూసి తలుపు తట్టినాము. యజమాని మర్యాదస్థుడు. గది చూపినాడు, అద్దె చెప్పినాడు, నీళ్ళ వేళలు చెప్పినాడు, సైకిలుకు మెట్ల కింద చోటు కూడా చూపినాడు. మేము మాట్లాడే తెలుగు విని ఏ జిల్లా అని ఆదరంగా అడిగినాడు. పేరు అడగడం చివరకు వచ్చినది. చెప్పినాము. అప్పుడాయనకు తమ తమ్ముడు ముందునాడే మరెవరికో మాట ఇచ్చిన సంగతి జ్ఞాపకం వచ్చినది. ఇటువంటి తమ్ముళ్ళు ఆ మాసంలో మాకు నలుగురు తగిలినారు. తెలుగులో ఎం.ఏ. చదివినామన్న సంగతి ఏ తమ్ముని మాటనూ మార్చలేకపోయినది.

ఫిర్యాదు కొరకు ఇది చెప్పడం లేదు. అయిదవ ఇంటివారు పేరు వినికూడా తాళం చెవి చేతిలో పెట్టినారు. అదీ గాక, ఈ జబ్బు ఒక్క వైపున ఉన్నది కాదు. మన బస్తీలలోని మకాన్‌మాలిక్‌లు మాత్రం ఎవరికి పడితే వారికి ఇస్తున్నారా? కులం అడిగేవారు ఉన్నారు, మస్లక్ అడిగేవారు ఉన్నారు, పెళ్ళి కానివానికి ఇవ్వమనేవారు అంతటా ఉన్నారు. మేము చెప్పదలచినది దీని కొలతను గురించి. పేరు కారణంగా తలుపు మూసుకొన్న ప్రతి ఇల్లు ఆ విద్యార్థిని కళాశాలకు కొంత దూరం జరుపుతుంది. చిక్కడపల్లిలో దొరకనివాడు ముషీరాబాదులోనో, భోలక్‌పూర్‌లోనో వెతుకుతాడు. అంతవరకు బాధ లేదు, అవి సైకిలు గుండ్రంలోనివే, మంచి పేటలు కూడా. కాని అక్కడ గదులు ఎన్ని ఉన్నవి కనుక? నిండిపోగానే టోలీచౌకి, ఆపైన షాహీన్‌నగర్. గుండ్రం దాటినాడు. సైకిలు అమ్మినాడు. వాయిదాల మీద మోటారు సైకిలు కొన్నాడు. వాయిదా కట్టడానికి సాయంత్రం నుండి అర్ధరాత్రి దాక ఇళ్ళకు భోజనం పొట్లాలు మోసే పనికి కుదిరినాడు. మరునాడు మొదటి తరగతిలో వెనుక బెంచీ మీద నిద్రపోతున్నాడు. హాజరు తక్కువైనదని మనం తండ్రికి ఉత్తరం వ్రాస్తాము. ఆ తండ్రి పంట అమ్మిన డబ్బుతో జరిమానా కట్టి, కొడుకును మందలించి పోతాడు. ఎవరో ఒక తమ్ముడు ఇచ్చినాడన్న మాటకు ఇంత దూరం ప్రయాణం ఉన్నది.

కనుకనే ఇల్లు ఎక్కడ అన్న ప్రశ్నను విద్యార్థి సొంత విషయమని కళాశాల వదలివేయడం మాకు సమ్మతం కాదు. ఫీజు రాయితీ గురించి, స్కాలర్‌షిప్పు గురించి మన కమిటీ పెద్దలు పడే శ్రమ మేము ఎరుగుదుము. దూరం కూడా ఒక ఫీజే. దానికి రసీదు ఇవ్వరు గనుక అది కమిటీ లెక్కలలోకి రావడం లేదు.

విద్యార్థినుల సంగతి వేరుగా చెప్పవలసి ఉన్నది. 2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్రంలో ఆర్.టి.సి. బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితమైనది. చాలామంది బాలికల చదువు దానితో సుళువైన సంగతి మా తరగతి గదిలోనే కనబడుతున్నది. అయితే బస్సు దిగిన చోటి నుండి ఇంటి వరకు, గ్రంథాలయానికి, స్నేహితురాలి ఇంటికి, ట్యూషనుకు పోవడానికి మళ్ళీ అన్నయో తండ్రియో తోడు రావలసి వస్తున్నది. 1991 ప్రాంతంలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చినారు. వారిలో ముస్లిం స్త్రీలు కూడా ఉన్నారు. మొదట నవ్వినవారు, తిట్టినవారు అక్కడా ఉన్నారు. ఆ స్త్రీలు తొక్కడం మానలేదు. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళు ఇవ్వగా బడి దూరమైన ఊళ్ళలో చదువు మానే బాలికల సంఖ్య తగ్గినది. పల్లెటూరి మట్టి దారిలో సాధ్యమైనది బర్కత్‌పుర చెట్ల నీడలో అసాధ్యమని తల్లిదండ్రులు అంటే, మేము వారితో వాదించడానికి సిద్ధం. గౌను మీద సైకిలు ఎట్లా తొక్కుతారన్న ప్రశ్నకు చైను మీద రేకు కవచం ఉన్న, నడ్డి కడ్డీ లేని లేడీస్ సైకిలు ఎన్నో ఏళ్ళ కిందటే సమాధానం చెప్పినది.

సైకిలు పేదవాని బండి, దానిమీద పోతే గౌరవం ఉండదనే ఆక్షేపణ ఒకటి ఉన్నది. మా సహోద్యోగులలో కొందరు ఈ మాట మా ఎదుటనే అంటారు. ఐరోపాలో హాలండు దేశం ఈనాడు సైకిళ్ళకు ప్రసిద్ధి. అది వారికి పుట్టుకతో వచ్చినదని మనం అనుకొంటాము. 1950, 60 దశకాలలో వారును కార్ల మోజులో పడి సైకిలు బాటలు చెరిపివేసినవారే. వీధులలో పిల్లలు కార్ల కింద పడి చనిపోవడం చూసి 1970 దశకంలో తల్లిదండ్రులు రోడ్ల మీదికి వచ్చి అడిగినందు వలన, 1973లో చమురు సంక్షోభం వచ్చినందు వలన మళ్ళీ దారికి వచ్చినారు. గౌరవం సంగతి వారు ఆలోచించినట్లు లేదు. ఎండను గురించిన ఆక్షేపణ మాత్రం న్యాయమైనది. ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నం సైకిలు తొక్కమని మేము ఎవరికీ చెప్పము. పొగ, దుమ్ము కూడా నిజమే. లోపలి గల్లీల దారి ఎన్నుకొనమనడానికి అది మరొక కారణం.

ఇక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం. ఈ మూడు పేటలలోను, చుట్టుపక్కల బాగ్‌లింగంపల్లి, ముషీరాబాదు, బర్కత్‌పురలలోను మన విద్యార్థులకు గదులు ఇవ్వడానికి సమ్మతించే గృహస్థుల జాబితా ఒకటి కార్యాలయంలో ఉంచవలెను. మన పూర్వ విద్యార్థులు ఈ పేటలలో ఎందరో స్థిరపడి ఉన్నారు. వారు తమ ఇంటి పక్కవారితో ఒక్క మాట చెబితే పేరు అడిగే ఘట్టం దాటిపోతుంది. అపరిచితుడైన యువకునికి ఇల్లు ఇవ్వడానికి సంకోచించే యజమానికి ప్రిన్సిపాలు గారి సంతకంతో ఒక పత్రం, కుర్రవాడు అద్దె ఎగవేస్తే తెలియజేయడానికి ఒక ఫోను నంబరు ఇస్తే భయం సగం తీరుతుంది. జాబితాలో ఒక్కొక్క ఇంటికి ఎదురుగా అద్దెతో పాటు మరి రెండు సంగతులు వ్రాసి ఉంచవలెనని మా కోరిక: సైకిలుకు చోటు ఉన్నదా, వానాకాలంలో వీధిలో నీరు నిలుస్తుందా?

కళాశాలలో మోటారు వాహనాలకు రేకుల షెడ్డు ఉన్నది, సైకిళ్ళకు ప్రహరీ గోడే దిక్కు. షెడ్డులో ఒక మూల, ముందు చక్రానికి తాళం వేసుకొనే ఇనుప కడ్డీలతో, ఇరవై సైకిళ్ళకు చోటు ఇస్తే చాలును. ఒక గాలి పంపు కూడా. ప్రస్తుతం గోడ వెంట యజమానులు చదువు ముగించి వదలిపోయిన సైకిళ్ళు తొమ్మిది త్రుప్పు పట్టి ఉన్నవి. రిమ్ములు, చువ్వలు చాలా వరకు బాగున్నవి. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు మార్చాలి. చిక్కడపల్లిలో మాకు ఎరుకైన వృద్ధ మిస్త్రీ ఒకరు వచ్చి చూసి, ఏడింటిని వారం రోజులలో నడకకు తెస్తానని, మజూరీ నెలవారీగా పుచ్చుకొంటానని చెప్పినారు. కమిటీ వారు అనుమతిస్తే, రాబోయే జూన్‌లో జిల్లాల నుండి వచ్చేవారిలో మొదట అడిగిన ఏడుగురికి వాటిని ఏడాది పాటు ఎరువు ఇవ్వవచ్చును. తక్కిన రెండింటి నుండి విడిభాగాలు తీసుకొనవచ్చునని మిస్త్రీ గారి అభిప్రాయం.